ఆళ్లగడ్డ బస్సు అప్‌లోడ్ స్పీడ్ ఎంత? మన ఇంటర్నెట్ నిజంగా చవకేనా?

ఈ మధ్య నంద్యాలలో ఎక్కడ కూర్చున్నా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “అన్నా, ప్రపంచంలోనే ఇంటర్నెట్ చవగ్గా దొరికే దేశం మనది అంటారు కదా, మరి మా ఇంట్లో ఎప్పుడు చూసినా ఆ చక్రం తిరుగుతానే ఉంటాదేంది?” అని. మంచి ప్రశ్న. దీనికి “ఫోన్ రీస్టార్ట్ చెయ్ తమ్ముడూ” అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఈరోజు కొంచెం లెక్కలు వేద్దాం. భయపడకండి, ఎనిమిదో ఎక్కం వస్తే చాలు.

ముందు ఒక కథ చెప్తా. ఆళ్లగడ్డలో నాకు తెలిసిన అన్న ఒకాయన ఉన్నాడు, శిల్పి. ఆళ్లగడ్డ శిల్పాల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, హైవే మీద పోతుంటేనే ఉలి చప్పుడు వినపడుతుంది. అక్కడ చెక్కిన విగ్రహాలు వేరే రాష్ట్రాలకు పోతాయి, అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న గుళ్లకూ పోతాయి. ఈ అన్నకు కూడా అట్లాంటి ఆర్డర్ ఒకటి వచ్చింది. విగ్రహం పని చివరికి వచ్చింది. ఇంక మెరుగు పెట్టే ముందు అక్కడి కమిటీ వాళ్లు, పూజారి గారు ముఖం, చేతులు, ఆయుధాలు అన్నీ దగ్గరగా చూడాలన్నారు. ఏదైనా మార్పు ఉంటే అప్పుడే చెప్పాలి. రాయి కదా, తర్వాత అతికించేది ఉండదు.

అన్న ఏం చేశాడు? ఫోన్‌లో మంచి క్వాలిటీలో పది నిమిషాల వీడియో తీశాడు. వాట్సాప్‌లో పంపితే అది పిండి పిండి చేసి పంపుతుంది, ఉలి గీత ఏదో, నీడ ఏదో తెలియదు. అందుకని అసలు ఫైలే పంపమన్నారు. ఫైల్ సైజు 3 జీబీ. షెడ్డు ఊరి చివర ఉంది, అక్కడికి వైరు లేదు. ఫోన్ డేటాతోనే ఎక్కించాలి. రాత్రి 8 గంటలకు మొదలుపెట్టాడు. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ వస్తోంది. ఏ కంపెనీ అని అడగొద్దు, చెప్పను. సగం అయ్యాక ఆగిపోయింది, మళ్లీ మొదటి నుంచి. పొద్దున్నే నాకు ఫోన్. “యాడున్నావప్పా? మీ ఇంట్లో వైరు నెట్ ఉంది కదా, నేను బస్సెక్కుతాండా” అన్నాడు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. బస్సులో గంట అనుకోండి. వచ్చాడు, మా ఇంట్లో కాఫీ తాగాడు, వీడియో పంపాడు, పోయాడు.

ఇక్కడే మన ఎనిమిదో ఎక్కం వస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ చెప్పే ఎంబీపీఎస్‌లో ‘బీ’ అంటే బిట్. మన ఫైల్ సైజులో ఉండే ‘బీ’ అంటే బైట్. ఒక బైట్‌కు 8 బిట్లు. అంటే 3 జీబీ ఫైల్ సుమారు 24,000 మెగాబిట్లు. 2 ఎంబీపీఎస్ లైన్‌లో అది ఎక్కడానికి 12,000 సెకన్లు, 3 గంటల 20 నిమిషాలు. మధ్యలో ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే! అదే ఫైల్‌ను జేబులో పెట్టుకుని అన్న గంటలో నంద్యాల వచ్చేశాడు. 24,000 భాగించు 3,600. సుమారు 6.7. అంటే ఫ్రెండ్స్, మన ఆర్టీసీ బస్సు అప్‌లోడ్ స్పీడ్ 6.7 ఎంబీపీఎస్. ఫోన్ కంటే మూడు రెట్లు ఎక్కువ. అదే అన్న జేబులో నిండుగా ఉన్న 64 జీబీ పెన్‌డ్రైవ్ ఉండింటే బస్సు స్పీడ్ 142 ఎంబీపీఎస్! సిరివెళ్లలో టీకి ఆపినా కూడా మనవాడే గెలుస్తాడు.

నవ్వొద్దు. ఇట్లాంటిది సౌత్ ఆఫ్రికాలో నిజంగానే పోటీ పెట్టి చేశారు. 2009లో ఒక కంపెనీ వాళ్లు నెట్ నెమ్మదిగా ఉందని విసిగిపోయి, విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 జీబీ మెమరీ కార్డు కట్టి డర్బన్‌కు వదిలారు. ఇంకోపక్క అదే డేటాను ఇంటర్నెట్‌లో పంపడం మొదలుపెట్టారు. పావురం చేరి, కార్డులోని డేటా కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి, ఇంటర్నెట్‌లో 4 శాతం మాత్రమే పోయింది. వాళ్లకు పావురం, మనకు ఆర్టీసీ.

సరే, ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర డేటా చవక అనేది అబద్ధమా? కాదు. నిజంగా నిజం. ట్రాయ్ లెక్క ప్రకారం 2014లో మన దేశంలో మొబైల్ డేటా ఒక జీబీకి సగటున 269 రూపాయలు పడేది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. 2018కి అదే జీబీ 12 రూపాయల లోపలికి వచ్చింది. మీలో చాలామందికి 1 జీబీని నెలంతా దాచుకుని దాచుకుని వాడిన రోజులు గుర్తుండవు. నాకు గుర్తున్నాయి. డేటా ఆన్ చేసి, మెసేజ్ పంపి, మళ్లీ ఆఫ్ చేసేవాళ్లం, ఇంట్లో లైట్ ఆర్పినట్టు.

బ్రిటన్‌లో కేబుల్ డాట్ కో డాట్ యూకే అని ఒక సంస్థ దేశదేశాల డేటా ధరలు పోల్చేది. 2019లో వాళ్ల లెక్కలో ఇండియా అన్నిటికంటే చవక, జీబీ 0.26 డాలర్. అమెరికాలో 12.37 డాలర్లు. 2022లో మనం ఐదో స్థానంలో ఉన్నాం, 0.17 డాలర్. ఇజ్రాయెల్ మొదటిది, 0.04. సెయింట్ హెలెనా అనే దీవిలో 41 డాలర్లు. నెపోలియన్‌ను చివర్లో అక్కడే ఉంచారు కదా, ఈ కాలంలో ఉంచింటే రీచార్జ్‌కే ఆస్తులు కరిగిపోయేవి.

2024 జూలైలో రేట్లు పెరిగాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ, 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయ్యింది. అయినా లెక్క వేయండి, 42 జీబీకి 299. జీబీ 7 రూపాయల చిల్లర. టీ కంటే తక్కువే.

స్పీడ్ కూడా పెరిగింది. ఊక్లా అని మనం ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసుకుంటాం కదా, వాళ్ల లెక్కలో 2022 సెప్టెంబర్‌లో మన మొబైల్ డౌన్‌లోడ్ మీడియన్ 13.87 ఎంబీపీఎస్, ప్రపంచంలో 119వ స్థానం. ఆ అక్టోబర్ 1న 5జీ మొదలైంది. 2023 ఆగస్టుకు 50.21, 47వ స్థానం. ఏడాదిలో 72 మెట్లు. ఇది చిన్న విషయం కాదు, గట్టిగా చప్పట్లు కొట్టాల్సిందే.

మరి తప్పు ఎక్కడుంది? ఈ నంబర్లన్నీ డౌన్‌లోడ్ నంబర్లు. అంటే మనకు వచ్చేవి. రీల్స్, సినిమాలు, క్రికెట్. మన నుంచి పోయేది అప్‌లోడ్. దాన్ని ఎవరూ ప్రకటనలో పెద్దక్షరాల్లో వేయరు. 5జీ వచ్చి డౌన్‌లోడ్ 100 దాటిన తర్వాత కూడా మన మొబైల్ అప్‌లోడ్ మీడియన్ 10 దగ్గరే తిరుగుతోంది. దీనికి కారణం కుట్ర కాదు. టవర్‌కు ఉన్న సమయంలో ఎక్కువ భాగం కిందికి పంపడానికే కేటాయిస్తారు, ఎందుకంటే ఎక్కువమంది చేసేది చూడటమే. పైగా టవర్ పెద్ద గొంతుతో అరుస్తుంది, మీ ఫోన్ చిన్న బ్యాటరీతో గుసగుసలాడుతుంది. దూరం పెరిగే కొద్దీ ముందు చచ్చేది ఆ గుసగుసే. అందుకే ఆళ్లగడ్డ ఊరి చివర రీల్ బాగానే ఆడుతుంది, వీడియో మాత్రం పోదు.

చూసేవాడికి మన దేశం చవక. పంపేవాడికి, అంటే పని చేసుకునేవాడికి, కథ వేరే.

పని చేసుకోవాలంటే వైరు కావాలి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 2024లో 90 కోట్లకు పైనే ఉన్నాయి. అందులో వైరు మీద ఉన్నవి 4 కోట్ల చుట్టూ. మిగతావన్నీ గాలిలోవే. వంద కనెక్షన్లలో నాలుగైదు. వైరు ఉన్న చోట స్పీడ్ కూడా ఊక్లాలో 60 చుట్టూ ఆడుతోంది, సింగపూర్ 300 దాటిపోయింది. మొబైల్‌లో మనం ఎగబాకినట్టు ఇక్కడ ఎగబాకలేదు.

ఇంకో తమాషా చెప్పాలి. అసలు ‘బ్రాడ్‌బ్యాండ్’ అని దేన్ని పిలవాలి? మన ప్రభుత్వం 2004లో 256 కేబీపీఎస్ ఉంటే చాలు అంది. 2013లో 512 చేసింది. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేసింది. అంటే మన శిల్పి అన్నకు ఆ రాత్రి వచ్చిన 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌లో వచ్చింటే, కాగితం మీద అది బ్రాడ్‌బ్యాండే. అమెరికా వాళ్లు 2015లో 25 డౌన్, 3 అప్ అన్నారు. 2024 మార్చిలో 100 డౌన్, 20 అప్ చేశారు. గమనించారా? వాళ్లు అప్‌లోడ్‌ను విడిగా రాస్తారు.

ఇక మన రాష్ట్రం సంగతి. ఏపీ ఫైబర్‌నెట్ మీకు తెలుసు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ ఛానళ్లు, ల్యాండ్‌లైన్ ఫోన్, మూడూ కలిపి. రాజకీయం నేను మాట్లాడను, నంద్యాలలో ఆ పనికి చాలామంది ఉన్నారు. నాకు నచ్చింది అందులోని ఇంజినీరింగ్ ఆలోచన. భూమి తవ్వి కేబుల్ వేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. ఇంటింటికీ ఇచ్చే పనికి కొత్త కంపెనీ పెట్టకుండా, అప్పటికే వీధిలో ఉన్న కేబుల్ టీవీ ఆపరేటర్‌ను పట్టుకున్నారు. ఆయనకు ప్రతి ఇల్లూ తెలుసు, ఎవరు బిల్లు ఎగ్గొడతారో కూడా తెలుసు.

దీనికి రెండు ముఖాలున్నాయి. స్తంభం మీద వైరు తొందరగా వేయొచ్చు, తొందరగా తెగుతుంది కూడా. గాలివాన వచ్చి చెట్టు కొమ్మ పడినా, ఎత్తుగా గడ్డి లోడు వేసుకున్న ట్రాక్టర్ పోయినా అయిపోయింది. రెండోది, ఆ 149 ప్లాన్‌లో ఫుల్ స్పీడ్ డేటా 5 జీబీనే. మన ఎక్కం తీయండి: 40,000 మెగాబిట్లు, 15తో భాగించండి. 2,667 సెకన్లు. నెల ప్యాక్‌ను ఫుల్ స్పీడ్‌లో వాడితే 45 నిమిషాల లోపల ఖాళీ! తర్వాత ప్లాన్లు మారాయి, ధరలు పెరిగాయి. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. పల్లెలోకి ఫోన్ సిగ్నల్‌గా కాకుండా వైరుగా ఇంటర్నెట్ రావాలి అని అప్పట్లో ఆలోచించడం సరైన ఆలోచనే.

కేబుల్ ఆపరేటర్ అన్నాను కదా, ఇక్కడ రుమేనియా గుర్తొస్తుంది. యూరప్‌లో మరీ ధనిక దేశమేం కాదు. 1990ల చివర్లో, 2000 తర్వాత అక్కడి కుర్రాళ్లు గేమ్స్ ఆడుకోవడానికి ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కు కిటికీల్లోంచి వైర్లు లాక్కున్నారు. మన వీధుల్లో కేబుల్ వైర్లు వేలాడినట్టే ఉండేది. తలా కొంచెం వేసుకుని ఒక నెట్ కనెక్షన్ పంచుకునేవాళ్లు. ఆ చిన్న చిన్న వీధి నెట్‌వర్క్‌లను తర్వాత పెద్ద కంపెనీలు కొని కలిపేసుకున్నాయి, వైరు మార్చి ఫైబర్ వేశాయి. ఇప్పుడు అక్కడ 1 జీబీపీఎస్, అంటే 1,000 ఎంబీపీఎస్ లైను నెలకు 8 యూరోల చుట్టూ దొరుకుతుంది. మన డబ్బుల్లో 700, 800 అనుకోండి.

మన దగ్గర? జియోఫైబర్‌లో 30 ఎంబీపీఎస్ ప్లాన్ 399, జీఎస్టీ 18 శాతం కలిపితే 470 రూపాయల 82 పైసలు. చూడటానికి రుమేనియా కంటే తక్కువే. స్పీడ్‌తో భాగిస్తే? వాళ్లకు ఒక్కో ఎంబీపీఎస్ ముప్పావలా, మనకు దాదాపు 16 రూపాయలు.

“ఏంది అన్నా, 470 రూపాయలు కూడా ఎక్కువేనా? అమెరికాలో 70 డాలర్లు కడతారంట” అని మీరంటారు. సరే, డాలర్లను రూపాయల్లోకి మార్చకుండా, రోజుల్లోకి మారుద్దాం. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 470 అంటే ఒకటిన్నర రోజు ఎండలో పని. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 8 గంటలకు 58. బిల్లు 70 డాలర్లే అనుకుంటే, ఒక రోజు, ఇంకో రెండు గంటలు. అంటే అక్కడ అన్నిటికంటే తక్కువ జీతం వచ్చేవాడు మన కూలీ కంటే తక్కువ సమయం పనిచేసి, మనకంటే చాలా రెట్లు స్పీడ్ ఉన్న లైను తెచ్చుకుంటున్నాడు. ఇంక చవక ఎవరికి?

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ కూడా ఇట్లాగే లెక్క వేస్తుంది. కనీస బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు మనిషి సగటు నెల ఆదాయంలో 2 శాతం దాటకూడదు అని 2025కి లక్ష్యం పెట్టింది. మన సగటు నెలకు 17, 18 వేలు అనుకుంటే 2 శాతం 350 రూపాయలు. 299 ఫోన్ ప్లాన్ పాస్. 470 వైరు ప్లాన్ ఫెయిల్. అది కూడా సగటు మనిషికి. సగటు కంటే కింద ఉన్నవాళ్లే మన చుట్టూ ఎక్కువ.

కానీ ఒక మంచి మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన దగ్గర ఫైబర్ ప్లాన్లలో డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ కూడా చాలావరకు అంతే ఇస్తారు. 30 అంటే 30 పైకి, 30 కిందికి. అమెరికాలో పాత కేబుల్ టీవీ వైరు మీద నెట్ వాడేవాళ్లకు డౌన్‌లోడ్ 300 ఉన్నా అప్‌లోడ్ 10, 20 దగ్గర ఆగిపోతుంది. అంటే మా ఇంట్లోంచి మన అన్న పంపినంత తొందరగా, అక్కడి కమిటీ వాళ్లు తిరిగి వీడియో పంపలేకపోవచ్చు కూడా. వైరు ఉన్నచోట చిన్న ప్లాన్ కూడా పనికొస్తుంది. వైరు ఆ ఇంటి దాకా పోవడం లేదు, అదీ మన గొడవ.

అందుకని కనెక్షన్ తీసుకునేవాళ్లు మూడు రోజులు ఓపిక పట్టి ఒక పని చేయండి. పక్కింటివాళ్ల లైన్ మీద రాత్రి 9 గంటలకు స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున 6 గంటలకు చేస్తే ఏ లైనైనా హీరోనే. డౌన్‌లోడ్ చూసి ఆగొద్దు, పక్కనే చిన్నగా ఉండే అప్‌లోడ్ చూడండి. “గాలి ఫైబర్” అని డబ్బా తగిలిస్తామంటే, అది కూడా టవర్ నుంచి వచ్చేదే అని గుర్తుపెట్టుకోండి. సినిమాలకు బాగుంటుంది. రోజూ ఫైళ్లు పంపే పని ఉంటే అప్‌లోడ్ ఎంత ఇస్తారో ముందే అడగండి. ఇంకోటి, వైఫై డబ్బాను బీరువా మీద, దేవుడి పటాల వెనక పెట్టి కంపెనీని తిట్టకండి. ఆ పాపం నేను కూడా చేశాను.

ఆళ్లగడ్డ అన్న సంగతి చెప్పి ముగిస్తా. బస్సు ప్రయాణాలు నాలుగైదు అయ్యాక ఆయనకు విసుగొచ్చింది. లైను కోసం అడిగితే “ఒక్క షెడ్డు కోసం అంత దూరం వైరు లాగలేం” అన్నారంట. అప్పుడు పక్కన ఉన్న మూడు షెడ్ల వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. నలుగురూ నాలుగు కనెక్షన్లు తీసుకుంటాం, వైరు ఖర్చులో తలా కొంచెం వేసుకుంటాం అన్నారు. వైరు వచ్చింది. రుమేనియా కుర్రాళ్ల సంగతి ఆయనకు తెలియదు, నేను చెప్తే నమ్మలేదు కూడా.

మొన్న ఫోన్ చేశాడు. అప్‌లోడ్ 28 వస్తోందంట. “3 జీబీ పద్నాలుగు నిమిషాలప్పా. టీ తాగి వచ్చేలోపల పోయింది” అన్నాడు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే పిల్లోడిది రుద్రవరం పక్క పల్లె. వాడు చిన్న చిన్న విగ్రహాలు సొంతంగా చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకుందామని చూస్తున్నాడు. వాళ్ల ఊర్లో ఇంకా వైరు లేదు. సాయంత్రం పని అయిపోయాక షెడ్డులోనే కూర్చుని ఫోటోలు, వీడియోలు ఎక్కించి, చివరి బస్సుకు పోతాడంట.

మీ ఊరి పేరు, రాత్రి 9 గంటల అప్‌లోడ్ నంబర్, ఈ రెండూ నాకు పంపండి. నంద్యాల, ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి, ఎక్కడైనా సరే. అన్నీ కలిపి వచ్చే ఎపిసోడ్‌లో మన జిల్లా మ్యాప్ మీద పెట్టి చూద్దాం. ఉంటా మరి.